షడ్డకునికి చెప్పిన కర్ర

షడ్డకుని మీద కుళ్ళుకోనోడు లోకంల ఎవడన్న ఉంటే వానికి రెండు చేతులెత్తి దండం పెట్టాలె. విశ్వనాథం గంత గొప్పోడు కాదు. అరవై ఒక్క ఏండ్ల మనిషి, నెత్తి సగం నెరిసింది, మోకాళ్ళు కిర్రుమంటయ్. అయినా సరే, తేజేష్ పేరు ఎవరి నోటెంట వచ్చినా ఆయన కడుపుల అగ్గిపుల్ల గీసినట్టయితది. తేజేష్ అంటే పెండ్లాం చెల్లెలి మొగడు. పద్దెనిమిదేండ్లు చిన్నోడు. పోచారం దిక్కు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పెద్ద నౌకరి. ఎదురుపడితే లేచి నిలబడతడు, అన్నా అని నోరారా పిలుస్తడు. గదే అసలు బాధ. తిట్టుకోనీకి సుత సందు ఇయ్యడు.

విశ్వనాథం ముప్పై రెండేండ్లు ఉప్పల్‌ల ఒక సర్కారు పరిశోధన సంస్థ టూల్‌రూంల పనిచేసిండు. ఆయన కొలిచి సంతకం పెట్టిన పనిని మళ్ళ కొలిచినోడు లేడు. రిటైరయినంక నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక రేకుల షెడ్డు కిరాయికి తీస్కొని గోల్ఫ్ కర్రలు బాగుజేసే దుకాణం పెట్టిండు. గ్రిప్పులు మార్చుడు, కాడలు పొట్టిగ కోసుడు, తలల వంపు సరిజేసుడు. నాచారంల గోల్ఫ్ ఏంది అని నవ్వినోళ్ళు నవ్విన్రు. ఇప్పుడు గచ్చిబౌలి నుంచి గూడ కార్లేసుకొని వస్తరు. ఎందుకంటే విశ్వనాథం కర్ర అమ్మడు, కర్ర చెప్తడు. నీ చేతికి ఏది నప్పుతదో చూసి చెప్తడు, కొనుడు నీ ఇష్టం.

చూసే పద్ధతి గూడ ఆయనదే. రెండు ఇనుప ముక్కలు ఒకదాని మీద ఒకటి సక్కగ కూసున్నయా లేదా సూడనీకి టూల్‌రూంల నీలం రంగు పూస్తరు. ఆ నీలాన్నే ఈయన కర్ర మొహానికి పల్చగ రాస్తడు. వచ్చినాయన ఎదురుంగ కట్టిన వలలకు బంతి కొడ్తడు. బంతి తాకినకాడ నీలం పోతది. దాని మీద కాగితం అద్ది తీస్తే నీలం నడుమ తెల్లటి మచ్చ వస్తది. మచ్చ నడిమిట్ల ఉంటే కర్ర నీది, అంచుకు పోతే కాదు. పది దెబ్బలు, పది కాగితాలు. కాగితం అబద్ధమాడదు, నేను గూడ ఆడ అని అందరికి చెప్తుండె.

ఆడేది మాత్రం నారపల్లి అవతల. ప్లాట్లు అమ్ముకోనీకని ఒక వెంచర్ ఆసామి తొమ్మిది గుంతల మైదానం వేయించిండు. ప్లాట్లు పోలే గని ఆట నిలిచింది. ఐతారం పొద్దుగాల ఉప్పల్, నాగోల్ నుంచి ఇరవై మందిదాక చేరుతరు. వాళ్ళకు పెద్ద సత్యనారాయణమూర్తిగారు. కాకినాడ మనిషి, రిటైరైన సైంటిస్టు, మాట తక్కువ. ఏటా డిసెంబర్‌ల సికింద్రాబాద్ జట్టుతోని పోటీ ఉంటది, మనోళ్ళ తరఫున నలుగురు పోతరు. తొమ్మిదేండ్ల సంది ఆ నలుగురిల విశ్వనాథం పేరు పక్కా.

దానికి కారణం ఆయన మూడో నంబర్ ఐరన్, దూరం కొట్టనీకి వాడే ఇనుప తల కర్ర. సన్నటి తల, పొడుగు కాడ. గింజంత తప్పినా బంతి నేల పాకుతది, చేతులు జివ్వుమంటయ్. గందుకే లోకమంతా ఆ కర్రను మూలకేసి హైబ్రిడ్‌లు తెచ్చుకున్నది. హైబ్రిడ్ అంటే సగం ఐరన్, సగం ఉడ్డు అనే లావు తల కర్ర. బుర్ర లావు, అడుగు వెడల్పు, జర అటిటు తాకినా బంతిని మీదికి లేపుతది. విశ్వనాథం మాత్రం ఐరన్‌ను వదల్లే. ఏడో గుంత కాడ నూట డెబ్బై గజాల అవతలికి, రాళ్ళ క్వారీల నిండిన నీళ్ళ మీది నుంచి, ఆయన ఐరన్ తోని కొడ్తుంటే మిగిలినోళ్ళు మాటలాపి సూస్తుండె. ఆ సూపు కోసమే ఆయన వారమంతా బతికేటోడు అంటే అతి కాదు.

తేజేష్‌ను ఈ ఆటకు తెచ్చింది ఎవరు? సాక్షాత్తు విశ్వనాథమే. రెండేండ్ల కింద, పొట్ట వస్తుంది తమ్మీ, ఐతారం రా అని తనే పిలిచిండు, తనే పాత కర్రలు ఇచ్చిండు, పట్టు నేర్పిండు. ఏకు మేకయితది అని మనోళ్ళు ఊరికెనే అనలే. ఏడాది తిరిగేసరికి తేజేష్ పొట్టి దెబ్బలల్ల విశ్వనాథాన్ని దాటిపోయిండు. మూర్తిగారు ఒకపారి "చేతిలో మెత్తదనం ఉందయ్యా ఈ అబ్బాయికి" అన్నడు. తొమ్మిదేండ్లల్ల ఆ నోటి నుంచి విశ్వనాథానికి అసోంటి మాట ఒక్కటి రాలే.

ఇగ ఇంటి సంగతి. అత్త రాజేశ్వరమ్మ నాగోల్‌ల ఉంటది. బోనాల పండుగకు కూతుళ్ళను, అల్లుళ్ళను పిలిచి మటన్ వండుతది. ఆ ఇంట్ల మూలుగుండే నల్లి బొక్క పెద్దల్లునిది. ముప్పై ఏండ్ల సంది అంతే, ఎవరు రాసి పెట్టలే గని అంతే. మొన్న బోనాలకు ఆమె గంటె నిండ కూర ఎత్తి, నల్లి తీసి, తిన్నగ తేజేష్ కంచంల ఏసింది. "పొద్దస్తమానం కంప్యూటర్ ముంగట కూసుంటవ్ బిడ్డా, బలముండాలె" అన్నది. తేజేష్ గాబరాపడి "అయ్యో అత్తమ్మా, అన్నకు వెయ్యి" అని కంచం జరిపిండు. "నీకు ఏసింది నువ్వు తిను" అన్నడు విశ్వనాథం నవ్వుకుంట. ఆ నవ్వు నవ్వనీకి ఆయన పండ్లు ఎంత బిగబట్టిండో పక్కన కూసున్న పెండ్లాం పద్మావతికి ఒక్కదానికే తెలుసు.

తర్వాతి ఐతారం మూర్తిగారు పుండు మీద కారం చల్లిండు. జట్టుల ముగ్గురు ఖాయం, నాలుగో స్థానానికి విశ్వనాథంగారు, తేజేష్ ఇద్దరూ సమానంగా ఉన్నారు, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఇద్దరూ ఆడండి, ఎవరివి తక్కువ దెబ్బలైతే వాళ్ళు వస్తారు అన్నడు. సమానం అన్న మాట విశ్వనాథం చెవుల మూడు రోజులు మోగింది. ఆ స్థానం పోతే ఇగ తన దగ్గర ఏమున్నది? షెడ్డు, గ్రిప్పుల గమ్ము వాసన, మోకాళ్ళ నొప్పులు.

ఆ వారమే తేజేష్ నాచారం వచ్చిండు. మామిడిపండ్ల సంచి బల్ల మీద పెట్టి, నిలబడే అడిగిండు.

"అన్నా, నాకు దూరం దెబ్బ లేదు. క్వారీ కాడ ప్రతిపారి నీళ్ళల్లనే పడుతున్న. హైబ్రిడ్ తీసుకోన్నా, నీ లెక్క మూడో నంబర్ ఐరన్ తీసుకోన్నా? నువ్వు ఏదంటే గది."

తన స్థానం గుంజుకోనీకి తన దగ్గరికే వచ్చి కర్ర అడుగుతున్నడు. విశ్వనాథం లేచిండు. నీలం డబ్బీ తీసిండు. ముందుగాల హైబ్రిడ్, పది దెబ్బలు. తర్వాత మూడో నంబర్ ఐరన్, పది దెబ్బలు. ఇరవై కాగితాలు బల్ల మీద రెండు వరుసలు పేర్చిండు.

హైబ్రిడ్ వరుసల తొమ్మిది మచ్చలు సరిగ్గ నడుమ ఉన్నయ్. ఐరన్ వరుసల ఒకటి అంచుకు, ఒకటి అడుక్కు, రెండు కాడ దిక్కు, చెట్టు మీద పిట్టలు కూసున్నట్టు ఎక్కడివక్కడ ఉన్నయ్. బడి పోరగాడు సూసినా హైబ్రిడ్ అంటడు. విశ్వనాథం కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు, మళ్ళ పెట్టుకున్నడు. నోరు తెరిచినప్పుడు హైబ్రిడ్ అనే చెప్పాలనుకున్నడు, ఒట్టు. కానీ నల్లి బొక్క యాదికొచ్చింది, సమానం అన్న మాట యాదికొచ్చింది.

"నీకు ఐరనే" అన్నడు.

తేజేష్ బల్ల దిక్కు సూసిండు, ఈయన దిక్కు సూసిండు.

"హైబ్రిడ్ అంటే చేతగానోళ్ళకు తమ్మీ. నీ మణికట్టుల ఐరన్ ఉన్నది. మచ్చలు ఇయ్యాల గిట్లనే ఉంటయ్, మూడు నెలలు కొట్టు, నడుమకు వస్తయ్. అందరికి చెప్ప ఈ మాట."

తేజేష్ మొహం ఎర్రగయింది. "సరే అన్నా" అని మాత్రం అన్నడు. పోయేటప్పుడు వంగి కాళ్ళు మొక్కిండు, పండుగ గాదు పబ్బం గాదు. వెర్రోడు అనుకున్నడు విశ్వనాథం. కాగితాలు దగ్గరికి చేసి చెత్తబుట్టల ఏసిండు. ముప్పై ఏండ్లల్ల కొలత తప్పు చెప్పుడు అదే మొదలు.

గుబులు రెండు రోజులే. తర్వాత మనసుకు మస్తు హాయి. ఎందుకు కాదు? ఐతారం ఐతారం తేజేష్ ఐరన్ ఎత్తుతడు, బంతి క్వారీల బుడుంగుమంటది. ఆట మొత్తం ఖరాబయింది. మెత్తటి చెయ్యి అన్న మూర్తిగారే తల ఊపి పక్కకు పోతున్నడు. విశ్వనాథానికి ఇంట్ల చారు గూడ రుచిగ అనిపిస్తుండె.

ఆగస్టుల ఒకనాడు పద్మావతి అన్నం పెట్టుకుంట అన్నది. "చెల్లె అరుణ ఫోన్ జేసింది. తేజేష్ రోజు పొద్దుగాల ఐదింటికి లేచి పోతున్నడట. ఆఫీసు అయినంక మళ్ళ పోతున్నడట. అరచేతులల్ల బొబ్బలు, మణికట్టుకు పట్టీ. డాక్టరు ఆపుమన్నా ఆపుతలేడట. మీరు చెప్పిన్రట గద ఐరన్ కొట్టుమని. అదేం కర్రనయ్యా?"

"ఆయనకు నప్పే కర్ర" అన్నడు విశ్వనాథం. కంచంల అన్నముండంగనే చెయ్యి కడుక్కొని లేచిండు.

దేవుడు ఉన్నడు సూడుండ్రి, ఎవరి లెక్క వాళ్ళకు ఒప్పజెప్తడు. ఆ నెలల్నే విశ్వనాథం ఐరన్ గూడ మొరాయించింది. క్వారీ కాడ మూడు ఐతారాలు వరుసగ ఆయన బంతి నీళ్ళ ఒడ్డున రాయికి తాకి ఎనకకు వచ్చింది. గాలి అన్నడు, తడి అన్నడు, కొత్త బూట్లు అన్నడు. ఆఖరుకు ఒకనాడు మిట్టమధ్యాహ్నం షట్టర్ సగం దించుకొని, తన కర్రకు తనే నీలం పూసుకొని కొట్టుకున్నడు. పది కాగితాలు. ఒక్క మచ్చ నడుమ లేదు. వయసు మీద పడ్డది, నడుము తిరుగుతలేదు. తర్వాత హైబ్రిడ్ తోని పది. అన్ని నడుమనే. 

హైబ్రిడ్ అయితే తెప్పించుకున్నడు. మరి నలుగురి ముంగట తీసేదెట్ల? చేతగానోళ్ళకు అన్నది ఈ నోరే గద. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. వారం నడుమల, ఎవరు లేనప్పుడు, ఒక్కడే పోయి కొట్టి వస్తుండె. ఐతారం నాడు దానికి తువ్వాల చుట్టి సంచిల అడుక్కు తోస్తుండె. కొట్టినప్పుడల్ల బంతి పావురం లెక్క లేచి క్వారీ దాటుతుంటే సంబరం గాదు, తేజేష్ చేతుల ఇదే ఉంటే ఇంకెంత దూరం పోవునో అని కడుపుల మంట. చూడు మరి, లేని ఆటను తలుచుకొని గూడ కుళ్ళుకునే మనిషి.

అక్టోబర్ ఆఖరి ఐతారం వచ్చింది. తొమ్మిది గుంతలు రెండు చుట్లు. తేజేష్ మణికట్టుకు నల్ల పట్టీ కట్టుకొని వచ్చిండు. దూరం దెబ్బ కాడ పోగొట్టుకుంటున్నడు, పొట్టి దెబ్బల కాడ గుంజుకుంటున్నడు. మొదటి చుట్టుల ఇద్దరు క్వారీల ఏసిన్రు. రెండో చుట్టు ఏడో గుంత కాడికి వచ్చేసరికి దెబ్బలు సమానం. మూర్తిగారు, ఇంకో ఇద్దరు ముగ్గురు ఎనక నిలబడి సూస్తున్నరు.

తేజేష్ ముందు. మూడో నంబర్ ఐరన్ తీసిండు. కర్ర ఎత్తేటప్పుడు నొప్పికి పెదవి కొరుక్కున్నడు. బంతి మంచిగనే లేచింది, ముప్పావు దూరం పోయింది, నీళ్ళల్ల పడ్డది. తేజేష్ కర్ర తుడుచుకొని పక్కకు జరిగిండు.

ఇప్పుడు విశ్వనాథం. నీళ్ళు దాటితే స్థానం తనదే. ఐరన్ తోని దాటదు, అది కాగితాల మీద సూసుకున్న సంగతే. ఎనక మనుషులున్నరు, పక్కన తేజేష్ ఉన్నడు. సిగ్గు ఒక దిక్కు, డిసెంబర్ ఒక దిక్కు. ఓడినా పర్వాలేదు గని వీని చేతుల ఓడుడు నాతోని కాదు అనుకున్నడు. సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చి, తువ్వాల విప్పి, హైబ్రిడ్ బయటికి తీసిండు.

బంతి క్వారీ దాటి జెండాకు పది అడుగుల దూరంల ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టిన్రు. విశ్వనాథం తేజేష్ దిక్కు సూడలే. మిగిలిన రెండు గుంతలు ఎట్ల ఆడిండో ఆయనకే తెల్వదు. రెండు దెబ్బల తేడాతోని గెలిచిండు.

ఆటయినంక అందరు రేకుల క్యాంటీన్ల చాయ్ కాడ కూసున్నరు. మూర్తిగారు కాగితం తీసి నాలుగో పేరు రాసిండు. రాసి, పెన్ను మూసి, "మంచి దెబ్బ కొట్టారు విశ్వనాథంగారూ. ఎప్పుడు మార్చారు హైబ్రిడ్‌కి?" అన్నడు.

"రెండు నెలలాయె సార్."

"నా ఐరన్లు కూడా మొండికేస్తున్నాయి. ఈ సంచి ఇవాళ మీతో తీసుకెళ్ళండి, చూసి ఏది పెట్టమంటే అది పెడతాను." బల్లకు ఆనించిన తన సంచిని ఈయన దిక్కు నూకిండు. నూకి, జర ఆగి, "అవునూ, మరి ఈ అబ్బాయికి ఐరన్ ఎందుకు ఇచ్చారు?" అన్నడు.

చాయ్ గ్లాసులు పట్టుకున్న చేతులు ఆగినయ్. విశ్వనాథం గ్లాసు బల్ల మీద పెట్టిండు.

"అన్న ఇయ్యలే సార్" అన్నడు తేజేష్. "హైబ్రిడే తీసుకొమ్మన్నడు. నేనే మొండిగ ఐరన్ కావాలన్న. అన్న మాట వినకపోతే గిట్లనే అయితది."

అందరు నవ్విన్రు. "కుర్రతనం" అన్నడు మూర్తిగారు. మాట అక్కడితోని తెగిపోయింది. విశ్వనాథానికి ముందుగాల గుండె నిమ్మళమయింది. ఆ ఎనకనే, సిగ్గు లేకుండ, మళ్ళ అదే మంట. ఇంత మంచితనం గూడ వీనికేనా, దీంట్ల సుత నన్ను దాటాల్నా అని.

తేజేష్ కారు కాడికి పోతుంటే ఎంబడి పోయిండు.

"ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

తేజేష్ డిక్కీల సంచి పెట్టిండు. "నీ మాట నమ్ముకొని ఎంతమంది ఆడుతున్నరు అన్నా. నా ఒక్కని మూలంగ అది పోవద్దు."

"నేను తప్పు చెప్పిన్నని తెలుసా నీకు?"

"గా రోజు కాగితాలు నేను గూడ సూసిన గద. తొమ్మిది నడుమ ఉన్నయ్. నాకేం కండ్లు లేవా?" పట్టీ విప్పి మణికట్టు రుద్దుకున్నడు. వాచి ఉన్నది. "అయినా నువ్వు ఐరన్ అన్నవ్. నీ మణికట్టుల ఉన్నది అన్నవ్. పద్నాలుగేండ్లాయె నేను అల్లున్ని అయి, నువ్వు నన్ను మెచ్చుకోంగ విన్నది అదొక్కపారే. అత్తమ్మ మెచ్చుకుంటది, ఆమెకేం తెలుసు ఆట. మూర్తి సార్ మెచ్చుకుంటడు, ఆయన మర్యాదకు అంటడు. నువ్వు అట్ల కాదు గద. కాగితంల కనబడనిది అన్నకు ఏదో కనబడ్డది నాలో అనుకున్న. గది నిజం చేద్దామని కొట్టిన."

తేజేష్ డిక్కీ మూసిండు.

"ఒక్కటి చెప్పన్నా. ఏమన్న కనబడ్డదా గా రోజు?"

అవును అంటే అయిపోతది. ఆ మనిషి ఖుషీగ ఇంటికి పోతడు, పొద్దుగాల లేచి మళ్ళ ఐరన్ కొడ్తడు, ఆ మణికట్టు ఇగ పనికిరాకుండ పోతది.

"ఏం కనబడలే" అన్నడు విశ్వనాథం. "కుళ్ళుకున్న. నీకు ఆ స్థానం రావద్దని చెప్పిన."

తేజేష్ మణికట్టుకు పట్టీ మళ్ళ చుట్టుకున్నడు. కోపం రాలే, నవ్వు రాలే. "సరే అన్నా" అన్నడు, ఆ రోజు షెడ్డుల అన్నట్టు కాదు. కారెక్కి పోయిండు. కాళ్ళు మొక్కలే, మళ్ళ కలుస్త అనలే. గేటు దాటి ఉప్పల్ రోడ్డు ఎక్కేదాక విశ్వనాథం అక్కడనే నిలబడ్డడు.

తర్వాత ఎనకకు తిరిగి క్యాంటీన్లకు పోయిండు. కూసోలే.

"సార్, నా పేరు కొట్టెయ్యుండ్రి."

మూర్తిగారు తలెత్తిండు. "ఎందుకు?"

"పిలగాడు నన్ను కాపాడిండు. హైబ్రిడ్ అని నేను చెప్పలే. ఐరన్ నేనే అంటగట్టిన."

"అంటే, చూడ్డంలో పొరపాటు పడ్డారా?"

పొరపాటు అంటే సరిపోతుండె. ముసలి కండ్లు, ఎవరైన మాఫ్ జేస్తరు.

"సూసుడు సక్కగనే సూసిన సార్. తప్పు చెప్పిన. నా కన్న మంచిగ ఆడుతున్నడని."

మూర్తిగారు పెన్ను మూత తీసి నాలుగో పేరు కొట్టేసిండు. ఆ తర్వాత వంగి, ఈయన దిక్కు నూకిన కర్రల సంచిని మెల్లగ తన కుర్చీ పక్కకు గుంజుకున్నడు.